పగిలిన పీటలు

తొంభైల్లో ఒక మధ్యాహ్నం సిద్దిపేట బస్టాండులో హైదరాబాదు బస్సు కోసం కూర్చున్నాను. నా పక్కన ఆసిఫాబాదు వైపు నుంచి వచ్చిన ఒక గోండు పెద్దాయన, ఒడిలో నాలుగు మద్దిచెక్క పీటలతో ఉన్నాడు. వాళ్ల గూడెం సంఘం తమ అడవి కట్టెతో పీటలు చేస్తుందట. సర్కారు సాయం కోసం వాటిని ఆఫీసరుకు చూపించబోతున్నాడు. నాలుగూ పగిలే ఉన్నాయి.

మాది కట్టెల అడితి. ఉండబట్టలేక చెప్పాను.

“పెద్దాయనా, రంపప్పొట్టుల బంక కలిపి నింపుండ్రి. పగుళ్లు కానరావు. మేమట్లనే చేస్తం.”

ఆయన నావైపు వింతగా చూశాడు.

“మంచియి ఇంటికాడ ఉన్నయి బిడ్డా. పగిలినయే ఏరి తెచ్చిన. నీడపట్టున ఆరబెట్ట షెడ్డు లేక గిట్లయితున్నయి. గివి దాస్తే షెడ్డు ఎందుకిస్తరు?”

షెడ్డు వచ్చిందో లేదో నాకు తెలియదు.

నేను ఊరికి తిరిగొచ్చిన మర్నాడు నంగునూరు రైతొకాయన దర్వాజా కట్టె కోసం మా అడితికి వచ్చాడు. ఆయన ఏరుకున్న కట్టెలో మొన్న నేనే బంకతో నింపిన చోట వేలు పెట్టి, “గీడ పగిలింది, చూస్కో కాకా” అన్నాను.

గల్లాపెట్టె దగ్గర మా బాపు గట్టిగా దగ్గాడు.