వెనక సీట్లో కూకునేదెవరు?

టైర్ల మామ పోయాడన్న కబురు నాకు అనంతపురం ఆసుపత్రి వరండాలో అందింది. లోపల అమ్మకు డయాలిసిస్ మొదలుపెట్టి అప్పటికి గంటయింది. ఫోన్ చేసింది బత్తలపల్లెలో మామ షాపుకు ఎదురుగా టీ కొట్టు నడిపే అన్న. "తమ్ముడూ, మామ పోయినాడప్పా. పొద్దున్నే షట్టరు ఎత్తి, టీ తెమ్మని చెయ్యి ఊపినాడు. నేను గ్లాసు తీసుకోని రోడ్డు దాటేలోపల స్టూలు మీదనే ఒరిగిపోయినాడు" అన్నాడు.

అద్దాల తలుపులోంచి చూశాను. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఇంటికి చేరేదాకా చెప్పకూడదనుకున్నాను. అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆయన గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. అదే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మామ నాకు రక్తసంబంధం కాదు. అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది, అందుకని నాకు మామ. బత్తలపల్లె నుంచి మా ఊరికి తిరిగే దారి మొదట్లో ఆయన రేకుల షెడ్డు ఉంటుంది. ముందు కంప్రెసర్, వెనక రెండు గదుల ఇల్లు. సూర్యుడు రాకముందే షాపు తెరిచేవాడు. మా ఎండలకు కాస్త పొద్దెక్కితే చాలు, టైరు కాగి లోపల గాలి ఉబ్బుతుంది, అప్పుడు మీటరు పెడితే అబద్ధం చెబుతుంది అనేవాడు. మధ్యాహ్నం గాలి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లను "రేప్పొద్దున రాప్పో" అని పంపేసేవాడు. దాంతో సగం మంది వేరే షాపుకు పోయేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు. అరిగి నున్నగా అయిన టైరుకు గాలి పట్టమంటే అసలు పట్టేవాడు కాదు. ఆ విషయంలో ఎందరితోనో మాట పడ్డాడు.

కొత్త టైర్లు కావాలని ఎవరొచ్చినా సైజు అడిగేవాడు కాదు. చక్రాల వైపు చూడను కూడా చూడకుండా నేరుగా కారు వెనక తలుపు తెరిచి, లోపలికి తొంగిచూసి, "ఈడ కూకునేదెవరు?" అనేవాడు. జవాబు వచ్చాకే కిందికి వంగి టైరు ముట్టుకునేవాడు.

ఒకసారి నేను అక్కడే ఉన్నాను. బాగా భూములున్న ఇంటి పిల్లోడు ఒకడు జీపులాంటి పెద్ద బండి తెచ్చి, పెద్ద పెద్ద గడ్డలున్న వెడల్పు టైర్లు కావాలన్నాడు.

"కొండలెక్కుతావా అప్పా?" అన్నాడు మామ.

"లేదు మామా. చూసేదానికి బాగుంటాది."

"వెనక కూకునేదెవరు?"

"మా జేజి" అన్నాడు, వాళ్ల నాయనమ్మ గురించి.

"జేజికి చెవుడా?"

"లేదే."

"ఐతే ఇవి ఏసినాక వస్తాదిలే."

ఆ పిల్లోడు కూడా నవ్వాడు. రబ్బరు గడ్డల మధ్య సందు ఎంత పెద్దదైతే తారు రోడ్డు మీద అంత రొద చేస్తాయని మామ అతనికి అరచేత్తో టైరు మీద కొట్టి మరీ వినిపించాడు. చివరికి సన్న గళ్ల టైర్లే వేయించుకుని పోయాడు.

అదే మాట నాకు చెప్పినప్పుడు నేను నవ్వలేదు. పోట్లాడాను.

అప్పటికి నేను డిగ్రీ ముగించి, దొరికిన కరపత్రమల్లా చదువుతూ తిరుగుతున్నాను. బస్టాండు దగ్గర పంచిపెట్టేవి, మీటింగుల్లో ఇచ్చేవి, పొట్లం కట్టిన కాగితాలు సైతం వదిలేవాణ్ణి కాదు. అమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు అనంతపురం పోవాల్సి వచ్చింది. మిషన్ అక్కడే దొరికింది. బస్సులో అయ్యే పని కాదని పాత కారొకటి కొన్నాం. ఆ మోడల్లో అన్నిటికంటే కింది రకం అది. పద్నాలుగు అంగుళాల ఇనుప చక్రాలు, ఎత్తు చెంపల టైర్లు, అంటే పక్కల రబ్బరు ఎత్తుగా ఉండేవి. కంపెనీవాళ్ల కాగితం తెచ్చి చదివాను. అదే కారు, అదే ఇంజను. పై రకానికి పెద్ద అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు. పెద్ద చక్రానికి రోడ్డు మీద పట్టెక్కువ, మలుపులో ఒరగదు అని అందులోనే రాసుంది. నా ఒళ్లు మండిపోయింది. కాగితం పట్టుకుని మామ దగ్గరికి పోయాను.

"చూసినావా మామా మోసం? ఉన్నోనికి ఒక చక్రం, లేనోనికి ఒక చక్రం. మా అమ్మ ప్రాణం ఏమన్నా తక్కువదా? నాకు పదహారు అంగుళాలది ఏయి."

"పెద్ద చక్రమేస్తే టైరు చెంప పొట్టిదైతాది గదప్పా. మొత్తం ఎత్తు మారకూడదు. ఇనుము పెరిగినంత రబ్బరు తగ్గాల. గుంతలో పడితే ఆ దెబ్బ తినాల్సింది రబ్బరే. వెనక మీ యమ్మ కూకుంటాది గదా, ఆలోచన చెయ్యి."

"ఆలోచన చేసే వచ్చినా. మీరంతా కంపెనీ మనుషులు. పేదోనికి చిన్నదే చాలంటారు."

"అరవద్దప్పా. గాలి కొట్టేదానికి నాకు కంప్రెసరు ఉండాదిలే."

షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. నేను అనంతపురం పోయి వేరే షాపులో పదహారు అంగుళాల చక్రాలు వేయించుకున్నాను. వచ్చేటప్పుడు పాత చక్రాలు నాలుగూ కార్లోంచి తీసి మామ షెడ్డు ముందు పడేసి, "పాత ఇనుముకు ఏసుకో" అని వెళ్లిపోయాను.

కారు అద్భుతంగా నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి. స్టీరింగు కొంచెం తిప్పితే చాలు, మలుపులో గీత గీసినట్టు పోయేది. న్యాయం సాధించానని పొంగిపోయాను. అమ్మను అడిగితే "బాగుండాది నాయనా" అంది.

రెండు నెలలు కాకముందే అమ్మ "ఈ పొద్దు వద్దులేరా" అనడం మొదలుపెట్టింది. ఒక వారం కడుపులో బాగలేదంది. ఇంకో వారం ఒంట్లో ఓపిక లేదంది. పాదాలు ఉబ్బాయి. ఇట్లాగే మానేస్తూ పోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, అప్పుడు నన్ను అడిగి లాభం లేదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి అమ్మ మీద అరిచాను. బతకాలని లేదా అన్నాను. మందుల మీద నమ్మకం లేని మనుషుల గురించి చదివిందంతా ఆమె మీద గుమ్మరించాను. ఆమె తలొంచుకుని చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది.

ఆ తర్వాతి సారి బలవంతంగా తీసుకుపోయాను. తిరుగు దారిలో టీ కొట్టు దగ్గర ఆపితే మామ రోడ్డు దాటి వచ్చాడు. నాతో మాటల్లేవు కాబట్టి నా వైపు చూడలేదు. అలవాటు ప్రకారం వెనక తలుపు తెరిచాడు. "ఎట్లుండావుమ్మా?" అన్నాడు. "ఉండానన్నా" అంది అమ్మ. అంతే. తలుపు మెల్లగా మూసి వెళ్లిపోయాడు. ఆయన చూసింది నేను చూడలేదు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, తలకూ కిటికీ అద్దానికీ మధ్య పెట్టుకుని ఉంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే టీ కొట్టు అన్నతో నాకు కబురు పంపాడు. కారు తీసుకుని ఒక్కణ్ణే రమ్మన్నాడు. పోయాను. పోట్లాడ్డానికే పోయాను.

"తాళం ఇట్లియ్యి. నువ్వు వెనక కూకో, మీ యమ్మ కూకునే తావులో" అన్నాడు.

"ఎందుకు?"

"కూకోమంటే కూకో. తల అద్దానికి ఆనించు. కండ్లు మూసుకో. పది నిమిషాలు మాట్లాడొద్దు. నీకు కష్టమే, అయినా ఓర్చుకో."

అనంతపురం దారిలో నేను తోలే వేగంతోనే తోలాడు. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్నవాడికి రోడ్డు కనబడుతుంది, గుంత వస్తోందని ఒళ్లు ముందే సిద్ధపడుతుంది. వెనక కళ్లు మూసుకున్నవాడికి ఏదీ ముందు తెలియదు. కల్వర్టు అతుకు దాటిన ప్రతిసారీ దెబ్బ నేరుగా నడుములోకి దిగింది. కంకర తేలిన చోట మొదలైన రొద ఆగలేదు. అద్దం లోంచి అది పుర్రెలోకి, పళ్లలోకి పాకింది. నాకు ఏ జబ్బూ లేదు, వయసులో ఉన్నాను, ఆరు నిమిషాలకే కడుపులో తిప్పింది. సీటు మీద అమ్మ తువ్వాలు ఉంది. ఎవరూ చెప్పకుండానే దాన్ని మడిచి తలకూ అద్దానికీ మధ్య పెట్టుకున్నాను. పెట్టుకున్నాక నేనేం చేశానో తెలిసింది.

మామ కారు పక్కకు ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"మలుపులో ఇది నీ మాట బాగా వింటాది. దాంట్లో నీ చదువు తప్పు లేదప్పా. మీ యమ్మ మాట మాత్రం వినదు. ఆ యమ్మ రక్తమంతా ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయినాక ఇట్ల కూకోని వస్తాంది."

"నాతో ఎందుకు చెప్పలేదు మామా ఆమె?"

"నువ్వు ఆమె కోసరమే కదా ఏసింది. ఎట్ల చెప్తాది?"

షాపుకు తిరిగొచ్చాక షెడ్డు వెనక నుంచి గోనెసంచులు తీశాడు. కింద నా పాత చక్రాలు నాలుగూ ఉన్నాయి. తుప్పు గీకి, నల్ల రంగు వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాడు. నేను పడేసిన రోజునుంచీ అవి అక్కడే ఉన్నాయి. వాటికి ఎత్తు చెంపల కొత్త టైర్లు ఎంచాడు. మొదట తెచ్చిన జత చెంప మీద, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలు చదివి, తయారై చాలా కాలమైందని వెనక్కి తోసేశాడు. "ఎండకు నిలవుండి గట్టిపడింటాది. కొత్తదే, అయినా ముసలిది" అన్నాడు. రెండో జతను బొటనవేలితో చెంప మీద నొక్కాడు, అరచేత్తో గళ్ల మీద ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ రాశాడు, చెవి దగ్గర పెట్టుకున్నంత పని చేశాడు. అప్పుడు బిగించాడు.

కంపెనీవాళ్లు తలుపు దగ్గర అంటించిన కాగితం చూసి, గాలి పట్టి, పెట్రోలు మూత లోపలివైపు ఎంత గాలి ఉండాలో పసుపు మార్కింగు పెన్సిలుతో రెండు వరుసల్లో రాశాడు: అమ్మ ఒక్కతే 30. నిండుగా 33.

"పొట్టి చెంప టైరు మలుపులో ఇచ్చే ధైర్యం ఇది ఇయ్యదు. ఆ తక్కువ నువ్వు పూడ్చాల. మలుపుకు ముందే తగ్గు. కోపం కూడా" అన్నాడు.

ఆ వారం అనంతపురం నుంచి వస్తుంటే వెనక నుంచి సన్నటి గురక వినిపించింది. ఆ తర్వాత అమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదు. ఉబ్బు తగ్గింది. ఇవాళ ఆమె నాకు వండి పెడుతోందంటే దాంట్లో డాక్టరు పాలు ఎంతుందో ఆ గోనెసంచుల పాలూ అంతే ఉందని నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆయనకు క్షమాపణ చెప్పలేదు. నోరు రాలేదు. బదులుగా పొద్దున గాలి చూపించుకోవడానికి పోయినప్పుడల్లా ఏదో ఒక కరపత్రం చదివి వినిపించేవాణ్ణి. నీళ్ల గురించి, కూలి గురించి, రైతుకు రావాల్సిన ధర గురించి. ఆయన పానాకు నూనె రాస్తూ చివరిదాకా వినేవాడు. తర్వాత ఒకటే అడిగేవాడు. "బాగుండాది. రాసినాయన వెనక సీట్లో ఒకసారన్నా కూకున్యాడా?" మొదట్లో ఈ మాటకు భగ్గుమనేవాణ్ణి. ఇప్పుడు నేనే ఏదైనా రాసినప్పుడు, ఊళ్లో దేని మీదైనా గొంతెత్తబోయినప్పుడు, ముందు ఆ తలుపు తెరిచి చూసుకుంటున్నాను. కోపం పోలేదు, పోకూడదు కూడా. కాకపోతే ఎవరి కోసం కోపగించుకుంటున్నానో వాళ్లను ఒక మాట అడగడం నేర్చుకున్నాను.

కబురందిన రోజు అమ్మను ఎక్కించుకుని తిరిగొస్తుంటే షాపు ముందు జనం కనబడ్డారు. రోడ్డు పక్కన కుర్చీలు వేశారు. నేను వేగం బాగా తగ్గించాను. టీ కొట్టు అన్న నన్ను చూసి అడుగు ముందుకేశాడు. వేలితో వెనక సీటు చూపించాను. ఆయనకు అర్థమైంది. దారికి అడ్డంగా ఉన్న రెండు మోటారుసైకిళ్లను చప్పుడు చేయకుండా పక్కకు జరిపించాడు.

కారు నెమ్మదించిన సంగతి అమ్మకు నిద్రలోనే తెలిసింది. కళ్లు తెరవలేదు.

"గాలి చూపిస్తాండావా?"

"లేదుమా. ఎండెక్కింది గదా. పొద్దున చూపిస్తా."

"ఊఁ. నిద్ర బాగా పట్టిందని చెప్పు, అన్నకు."

చెప్తానన్నాను. ఇంటికి చేరాక, ఆమె అన్నం తిన్నాక, జరిగింది చెప్పాను. సాయంత్రం మామను చూడటానికి మళ్లీ బయలుదేరాం. ఆ ఒక్కసారి అమ్మ దారి పొడవునా నిటారుగా కూర్చుంది.

మర్నాడు సూర్యుడు రాకముందే కారు షెడ్డు ముందు ఆపాను. టీ కొట్టు అన్న తాళం తీసి కంప్రెసరు వేశాడు. నేను పెట్రోలు మూత తెరిచాను. నిండుగా అన్న మాట కొంచెం చెరిగింది. అమ్మ అని ఉన్న పై వరుస మాత్రం పసుప్పచ్చగా అట్లే ఉంది. నాలుగు టైర్లూ చల్లగా ఉన్నాయి. ముప్పై దగ్గర ఆపాను.