బొట్టు పెట్టని ఫోటో

సిరిసిల్ల జిల్లా అయిన మరుసటేడు వానకాలంల, అక్కడి ఒక ఫోటో స్టూడియోల నేను టచింగ్ పని మీద ఉన్న. స్టూడియోల కెమెరా ఆయన పెద్ద, ఆయన తర్వాత టచింగోడు. చినిగిన, మరకలు వడ్డ పాత ఫోటోలకు మొఖం మళ్ల తెచ్చుడు మా పని. ఒకప్పుడు కుంచెతోని చేసేది, అప్పటికి కంప్యూటర్ల చేస్తున్నం. ఫోటో చేతికి రాంగనే మేము అడిగే మొదటి మాట ఒక్కటే: "ఉన్నరా, పోయిండ్రా?" ఉన్నోళ్లకు వెనుక నీలిరంగు తెర. పోయినోళ్లకు నుదుట బొట్టు, మెడల దండ, కింద పుట్టిన తారీఖు, పోయిన తారీఖు.

ఆ దినం బోయినపల్లి దిక్కు నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు, లస్మవ్వ అనే ముసలవ్వను ఎంట వెట్టుకొని అచ్చిండు. చైనా లడాయికి మంచుకొండల మీదికి పోయి మళ్ల రాని మల్లయ్య ఆమె అన్న. ఊర్ల ఆయనకు రాయి నిలవెడుతున్నరు, దాని మీద ఫోటో చెక్కాలె. ఉన్నది ఒక్కటే ఫోటో, మొఖం మీదికెల్లి మడత పగులు.

అలవాటు కొద్ది అడిగిన. పోయిండని హవల్దారు అన్నడు.

లస్మవ్వ నా దిక్కు చూసింది. "నువ్వు జూసినవా కొడుకా? శవం రాలే. మా అవ్వ పాణం పోయేదాక బొట్టు పెట్టనియ్యలే. నేనెట్ల పెట్టనిస్త?"

"బొట్టు లేకుంటె ఎలక్షన్ల నిలవడ్డోని లెక్క ఉంటడే పెద్దవ్వా," అని హవల్దారు నవ్విండు.

"ఉండనీ. గెలుస్తడు," అన్నదామె.

మొఖమన్న ముందు చేద్దామని కూసున్న. పగులుల చెవి సగం పోయింది. ఎట్లుండెనని అడిగితె కొంగు పక్కకు జరిపి తన చెవి చూపెట్టింది. దాన్ని చూసుకుంట ఆయన చెవి కట్టిన.

గా కొండలు ఎట్లుంటయో చూడాలని నాకు మనసయ్యింది. హవల్దారు గా సరిహద్దుల నౌకరీ చేసినోడే, ఫోన్ల ఉన్న బొమ్మలు తీసి చూపెట్టిండు. పలుచటి కోట్లల్ల ఆ లడాయి సిపాయిల నలుపు తెలుపు ఫోటోలు, ఇప్పటి స్మారకం, గోడ నిండ పోయినోళ్ల పేర్లు. లస్మవ్వ ఒక్కొక్కటి దగ్గరికి గుంజుకొని చూసి, ఒక్కదాని కాడ ఆగింది. పేర్ల గోడ ముంగట ఎవరో సీసా మూత తీసి నీళ్లు పెట్టిండ్రు.

"గివెందుకు?"

తాగ నీళ్లు దొరుకక దూప మీద పోయిండ్రేమోనని, చూడవచ్చినోళ్లు పెట్టిపోతరని హవల్దారు చెప్పిండు.

మా దిక్కు పెత్రమాసనాడు పోయిన పెద్దల పేరున నీళ్లిడుస్తరు. ఉన్నోళ్ల పేరున ఇడువరు. అన్న ఉన్నడనుకొని లస్మవ్వ ఎన్నడూ ఆయన పేరున నీళ్లిడువలే.

"ముక్కుమొఖం తెల్వనోళ్లు పెట్టిండ్రు," అన్నది. "ఇంటోళ్లమయ్యుండి మేమే దూపతోని ఉంచినం." కొంగుతోని ఫోన్ అద్దం తుడిసి హవల్దారు చేతికిచ్చి నా దిక్కు తిరిగింది. "బొట్టు పెట్టు కొడుకా. చిన్నగ పెట్టు. పెద్దది పెడితె మా అన్న తుడుసుకునేటోడు."

పోయిన తారీఖు మాత్రం రాయొద్దన్నది. రాయలే.

అటెన్క పని ఇడిసేదాక ఆ మొదటి మాట నేను ఎవ్వలను అడుగలే. మొఖం ముందు కట్టేది. బొట్టు, ఇంటోళ్లు చెప్పినప్పుడే పెట్టేది.