అమీర్‌పేటలో మంచు

నా డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు: ఒక భార్యాభర్తల విరహాన్ని రెండు వైపులా నేనొక్కదాన్నే పడ్డాను. కొద్దిలో తప్పింది గానీ, వాళ్ళ కాపురం కూలిపోయేది. నవ్వండి, పరవాలేదు.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో లావణ్యక్క ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకునేదాన్ని. వాళ్ళాయన రమణ బావగారు వీసా స్టాంపింగ్‌కని ఏప్రిల్‌లో హైదరాబాద్ వెళ్ళి, పాస్‌పోర్టు చేతికి రాక అక్కడే చిక్కుబడిపోయారు. అక్క నాకు అన్నం పెట్టి, తను తినడం మరిచిపోయేది. నేనేమో పాత చైనా విరహ కవితలు ఇంగ్లీషులో చదివి, ఆ ధోరణిలో తెలుగులో డైరీ నింపేదాన్ని. సరిహద్దుకు వెళ్ళిన భర్త, కిటికీలోంచి చంద్రుణ్ణి చూసే భార్య, మధ్యలో ఉత్తరాలు మోసే అడవి బాతులు.

ఒకరోజు డైరీ డైనింగ్ టేబుల్ మీద వదిలేశాను. అక్క చదివేసింది.

"ఇది మీ బావకి పంపనా? నేనే రాశానని చెప్తా."

కాదనడానికి నోరు తెరిస్తే "సరే" అని వచ్చింది. నా నోరు అలాంటిది.

పది నిమిషాల్లో బావగారి మెసేజ్, నాకు. "అమ్మా, మీ అక్క కవిత్వం పంపింది! జవాబు రాయకపోతే చంపేస్తుంది. నువ్వు డైరీలు రాస్తావుగా, కొంచెం హెల్ప్ చెయ్యవా? అక్కకి చెప్పకు."

మళ్ళీ "సరే".

ఉదయం భార్యనై కుమిలేదాన్ని, సాయంత్రం భర్తనై నిట్టూర్చేదాన్ని. నా ప్రాజెక్టు మాత్రం పట్టించుకునే దిక్కులేక ఒంటరిగా ఏడ్చేది. అక్క మళ్ళీ రెండు పూటలా తినడం మొదలుపెట్టింది. ఆ సంతోషంలో ఒళ్ళు మరిచి, చైనా సైనికుడి చలంతా బావగారికి కప్పేశాను: "మోకాళ్ళ లోతు మంచులో నిలబడి నీ దిక్కే చూస్తున్నాను." ఆయన చదవకుండానే ఫార్వర్డ్ చేసేశారు.

అక్క ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మే నెలలో అమీర్‌పేటలో మంచేంటే? అసలీ మనిషి ఇండియాలోనే ఉన్నాడా? నాకు అబద్ధం చెప్పి ఎక్కడ తిరుగుతున్నాడు?"

నా గుండె కుక్కర్‌లా మూడు విజిల్స్ వేసింది.

"అక్కా, అది... నువ్వు పక్కన లేకపోతే ఆయనకి ఎండలో కూడా చలేస్తోందని..."

అక్క చూపు నా బల్ల మీది డైరీ మీద పడింది. "అలాగా," అని వెళ్ళి, ఇద్దరికీ పెరుగన్నం కలిపి తెచ్చింది. కవితలు ఆగలేదు. జూన్ చివర్లో బావగారు వచ్చేశారు.

నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ ఇంట్లో రోజూ ఇద్దరు పాఠకులు దొరికారు. ఆ ఇంటిని తలుచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. డైరీ మీద చెయ్యేసి ప్రమాణం కూడా చేస్తున్నాను: వాతావరణం చూసుకోకుండా ఇంకెవరి తరఫునా విరహపడను.

నాకు ఉద్యోగం వచ్చి రెడ్‌మండ్ బయల్దేరిన రోజు, అక్క కారు దాకా వచ్చింది. గోంగూర పచ్చడి సీసా నా ఒళ్ళో పెట్టి, బావగారికి వినపడకుండా చెవిలో అంది:

"అమీర్‌పేటలో మంచు కురిపించావు సరే, రెడ్‌మండ్‌లో రోజూ వానట. గొడుగు మర్చిపోకు."