జయ గది గడియ

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి, లా చదువుతున్న జయ పరీక్షల కోసం మా ఇంట్లో ఉంటోంది. వాళ్ల ఊరు గొల్లపల్లిలో ఫోన్ సిగ్నల్ నిలవదని వాళ్ల నాన్న ఇనుప గనులుండే కిరందుల్‌లో మా క్వార్టర్‌కి తీసుకొచ్చి దింపి వెళ్లాడు. పరాయి ఆడపిల్ల బాధ్యత కదా అని, ఆమె వచ్చే ముందే నేను ఆ గదికి లోపలి గడియ తీయించేశాను.

ఈ రోజు వంట చేస్తుంటే మూసిన తలుపు వెనక మగ గొంతు వినిపించింది. తోసుకుని వెళ్లి, "తలుపేసుకుని ఎవడితోనే ఈ కబుర్లు? మీ నాన్నకి ఫోన్ చేయమంటావా?" అని అరిచాను.

జయ నల్లకోటు వేసుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఫోన్‌లో కాలేజీ మాస్టార్లు జడ్జీల్లా కూర్చున్నారు. ఉత్తుత్తి కేసు వాదించే పరీక్షట, ఇప్పుడు ఫోన్‌లోనే పెడుతున్నారట. ఇనుపరాయి రైలు చప్పుడు వినబడకూడదని తలుపేసుకుందట. నేను వెనక్కి తగ్గి తలుపు దగ్గరికి వేశాను. లోపల ఆమె వాదన వణుకుతూ మళ్లీ మొదలైంది.

అయ్యాక అడిగాను, "మార్కులు పోయినట్టేనా అమ్మా?"

"ఏమో ఆంటీ. గదికి గడియ లేదా అని సారు అడిగిండు. ఊడిపోయిందని చెప్పిన."

లా చదివే పిల్ల నా పరువు కోసం జడ్జీల ముందు అబద్ధమాడింది. సాయంత్రం గడియ మళ్లీ బిగించాను. ఆమె ముఖం మాత్రం ఇంకా సరిగా చూడలేకపోతున్నాను. మీ ఇళ్లలో ఆడపిల్లల గదులకి గడియలున్నాయా?