వెయ్యి నూటపదహారు సతోషిల చదివింపు

ముందు పోయినవన్నీ లెక్క కట్టేస్తాను. లక్షా పది వేల నాలుగు వందల ఎనభై నాలుగు సతోషిలు. ఆ రోజు ధరకు రూపాయల్లో ఎనిమిది వేల ఎనిమిది వందల ముప్ఫై ఎనిమిది, పైన డెబ్బై రెండు పైసలు. మా బామ్మర్ది ఒక పూట భోజనం. మా ఆవిడ ఒక రాత్రి నిద్ర. షామియానా వాళ్ల తాడు కూడా ఒకటి పోయింది. దానికీ ఈ కథకూ సంబంధం లేదు గానీ, పోయింది కాబట్టి లెక్కలో ఉండాలి.

మెదక్‌లో ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఇటుకలెన్ని, సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుప సలాకలెంత అని లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఎవరూ నేర్పలేదు, మేస్త్రీల వెనక తిరిగి నేర్చుకున్నాను. బిట్‌కాయిన్ అనే ఫోన్లో ఉండే పైకాన్ని నాకు చూపించింది మా బామ్మర్ది. కౌడిపల్లిలో ఒకరి దుకాణంలో ఫోన్లు బాగు చేసేవాడు. నా ఫోన్లో కూడా ఆ యాప్ వేసి, "ఊకెనే చూస్కో బావా, నీకు లెక్కలంటే పానం గద" అన్నాడు.

చూసుకున్నాను. నచ్చింది. కొనడం కాదు, దాని కొలతలు నచ్చాయి. ఒక బిట్‌కాయిన్‌ను చిల్లర చేస్తే పది కోట్ల సతోషిలు. సతోషి కంటే చిన్నది లేదు, మన పైస లాగా. వంద సతోషిలు ఒక బిట్టు. లక్ష సతోషిలైతే దానికి మిల్లీ అని ఇంకో పేరు. వంద, లక్ష, కోటి అన్నీ సరిగ్గా మన ఎక్కాల మీదే కూర్చున్నాయి. స్లాబు పనిలో మేస్త్రీలు వంద చదరపు అడుగులను ఒక స్క్వేర్ అంటారు. బిట్టూ అలాంటిదేనని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పట్లో ఒక సతోషి సుమారు ఎనిమిది పైసలు. మా బామ్మర్ది వారం వారం కొంత కొని, లక్షా ముప్ఫై వేల సతోషిల దాకా కూడబెట్టాడు. కౌడిపల్లి రోడ్డు మీద ఒక మడిగె, అంటే దుకాణం గది, ఖాళీ అయింది. దానికి పది వేలు అడ్వాన్స్ ఇస్తే సొంత దుకాణం పెట్టుకోవచ్చు. సోమవారం లోపల ఇవ్వకపోతే ఓనరు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అతని దగ్గరున్న డబ్బంతా ఆ సతోషిలే.

ఆ సోమవారానికి ముందు శనివారం మా గృహప్రవేశం. మా వైపు చదివింపులు మైకులో చదవాల్సిందే. ఎవరు ఎంత పెట్టారో నలుగురూ వినాలి. చర్చిలో పాటలు పాడే మా పక్కింటి సారుకు గొంతు బాగుంటుందని మైకు ఆయనకే ఇచ్చాం. మా బామ్మర్ది వాళ్ల అక్కకు పట్టుచీర పెట్టి, సరదాకు ఫోన్‌లోంచి నాకు కొన్ని సతోషిలు పంపి, "బావకు ఒక కొత్త చదివింపు" అని ఎన్నో సారు చెవిలో చెప్పాడు.

"ఇంటాయన బామ్మర్ది, కౌడిపల్లి, పట్టుచీర, వెయ్యి నూటపదహారు సతోషిలు" అని సారు చదివి, మైకులోనే అడిగాడు. "గివి ఏ దేశంవి?"

"తినేటియా, తాగేటియా?" అన్నారు కుర్చీల్లోంచి ఎవరో. అందరూ నవ్వారు. మా బామ్మర్ది అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ లెక్కన అది ఎనభై తొమ్మిది రూపాయల చదివింపు.

సాయంత్రం చుట్టాలు వెళ్లాక ఫోన్ తీశాను. లక్షా పదకొండు వేల ఆరు వందల సతోషిలు వచ్చినట్టుంది. అంకెలు మళ్లీ లెక్కపెట్టాను. తర్వాత కౌడిపల్లికి ఫోన్ చేశాను.

"నువ్వు పంపింది ఎంత?"

"వెయ్యి నూటపదహార్లు. సాలలేదా బావా? జర పెద్ద మనసు చేస్కో."

"నీ ఫోన్ల బిట్లున్నయా, సతోషిలున్నయా, జర చూడు."

చూసి, "బిట్లే" అన్నాడు. నూటపదహార్లు అన్నాక పక్కన కొలత చెప్పే అలవాటు మనలో ఎవరికుంది? వెయ్యి నూటపదహారు అని కొట్టాడు, పంపాడు. తన లక్షా ముప్ఫై వేలు పదమూడు వందలుగా, పొట్టి అంకెలో కనబడతాయని ఫోన్‌ను బిట్లలో పెట్టుకున్నాడట. పోయింది వెయ్యి నూటపదహారు బిట్లు. అతనికి మిగిలింది పద్దెనిమిది వేల చిల్లర సతోషిలు.

"గట్లనే ఉండనీ బావా" అన్నాడు చివరకు.

"గట్లెట్ల? మడిగె పోతది."

"అక్కకు పుట్టింటి తరఫున పెట్టింది వాపస్ తీస్కుంటరా? మడిగెలు మస్తుంటయి." ఫోన్ పెట్టేశాడు.

నా డబ్బు ఇద్దామంటే, ఇంటికి పెట్టగా నా దగ్గర మిగిలింది మేస్త్రీకి ఇవ్వాల్సిన బాకీ మాత్రమే. మా ఆవిడ పరేషాన్. తీసుకో అంటే తమ్ముడు పెట్టింది తిరగ్గొట్టినట్టు, ఊరుకుంటే తమ్ముడి దుకాణం పోయినట్టు. రాత్రంతా కొత్త ఇంటి కప్పు చూస్తూ పడుకుంది. పొద్దున చాయ్ కూడా పెట్టకుండా ఫోన్ అందుకుంది.

"తమ్మీ, నిన్న మైకుల సారు ఏం చదివిండు?"

"వెయ్యి నూటపదహారు."

"ఏం వెయ్యి నూటపదహారు?"

"సతోషిలు."

"నువ్వు ఆడనే నిలవడి విన్నవు గద. కాదన్నవా?"

"లేదక్కా."

"మరి నలుగురి ముంగట చదివిందే నాది. చదవంది నాది గాదు, నీ పైసలు నా ఇంట్ల మర్చిపోయినవు. చెప్పులు మర్చిపోతె తీస్కపోవా?"

అటువైపు కొంచెం నవ్వు వినబడింది. "గిది బావ నేర్పిండా?"

"మీ బావకు ఇటుకలు దప్ప ఏమొస్తది?"

"సరే పంపుండ్రి. నిన్న రాత్రి సంది తినలే, ఇప్పుడు ఆకలైతుంది" అన్నాడు.

నేను కూర్చుని తీసివేత చేశాను. లక్షా పదకొండు వేల ఆరు వందల్లోంచి వెయ్యి నూటపదహారు పోతే లక్షా పది వేల నాలుగు వందల ఎనభై నాలుగు. పంపబోతే యాప్ ఇరవై నాలుగు సతోషిలు ఫీజు అడిగింది. ఎక్కడినుంచి తియ్యాలి? "పుట్టింటి చదివింపు మీద చెయ్యి వేస్తె ఊకోను" అంది మా ఆవిడ. అందుకని ఫీజు అతని వాటాలోంచే పట్టుకుని, లక్షా పది వేల నాలుగు వందల అరవై పంపాను. మా వెయ్యి నూటపదహారు మా దగ్గర చెక్కుచెదరలేదు.

సోమవారం అడ్వాన్స్ కట్టాడు. ఇప్పుడు ఆ మడిగెలోనే ఫోన్లు బాగు చేస్తున్నాడు, కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఉంటారు. దుకాణం చూడ్డానికి వెళ్లినప్పుడు రెండు రూపాయల బిళ్ల తీసి బల్ల మీద పెట్టాను.

"గిదేంది బావా?"

"నీకు కోసిన ఫీజు, ఇరవై నాలుగు. అప్పటి ధరకు రూపాయి తొంభై రెండు పైసలైతది."

"మిగిలిన ఎనిమిది పైసలు నేనేడికెల్లి తేవాలె? ఒక సతోషి నీకు పంపుదునా? దానికి మల్ల ఫీజు నువ్వు కడ్తవా?"

సతోషిల్లోనే పంపుదామంటే మళ్లీ ఫీజు, మళ్లీ చదివింపు మీద చెయ్యి. బిళ్ల జేబులో వేసుకుని, చాయ్ తాగి, మెదక్ బస్సెక్కాను. ఈ రోజుకీ మా బామ్మర్దికి నేను బాకీ ఇరవై నాలుగు సతోషిలు.