రెండు వేళ్లు దిగిన నీళ్లు

కరోనా తగ్గిన తరువాతి చలికాలంలో మస్కట్‌లోని బౌషర్‌లో ఒక రెండంతస్తుల ఇంటికి నాలుగు బాత్రూంల పని ఒప్పుకున్నాను. నీళ్లు కారకుండా నల్లటి మందు పూత వేయడం, దాని మీద టైల్స్ పరచడం నా వంతు. అప్పటికి నేను ఒమాన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు చాలామంది కంపెనీల్లో చేసేవారు. నేను సొంతంగా చేసుకునేవాణ్ణి. సొంతం అనేది పనిలోనే, కాగితాల్లో కాదు. బహ్లా అనే ఊళ్లో ఉండే అర్బాబ్, అంటే నన్ను తన పేరున వీసా మీద ఉంచుకున్న ఒమానీ, ఈ పనులకు చిన్న లైసెన్సు తీసుకున్నాడు. పని వెతుక్కోవడం, చేయడం, మాట పడటం నావి. అక్కడ ఉండనిచ్చే కార్డును మేము పతాకా అంటాం. దాన్ని ఉంచాలా, రద్దు చేయాలా అన్నది ఆయన ఇష్టం.

పూత పని ఎలా ఉంటుందో చెప్పాలి. నేల మీద, గోడకు జానెడు ఎత్తు వరకు మందు రెండుసార్లు పూయాలి. మూలల్లో జాలిగుడ్డ అతికించాలి. ఆరాక నీళ్లు పోయే రంధ్రం మూసి, నాలుగు వేళ్ల లోతున నీళ్లు నింపి, నీటి అంచున సుద్దతో గీత గీయాలి. రెండు రోజులు ఆ గీత దగ్గరే నీళ్లు నిలిస్తేనే టైల్స్. టైల్స్ పడ్డాక కింద తప్పు ఉన్నా ఎవరికీ కనపడదు, అందుకే ఈ పరీక్ష విషయంలో నేను మొండిగా ఉండేవాణ్ణి. ఆ నీళ్లలో బట్టలకు వేసే నీలం పొడి కలపడం నాకున్న మరో అలవాటు. ఎక్కడ కారినా కింది గది సీలింగ్‌కు నీలం మరక పడుతుంది. తోటివాళ్లు "నర్సన్న ధోతులు ఉతుకుతున్నడు" అని ఎగతాళి చేసేవారు.

బౌషర్ ఇంట్లో పై బాత్రూంలోనూ అలాగే నీళ్లు నింపాను. మూడో రోజు పొద్దున సైట్‌కు వెళ్లేసరికి ఆ నీళ్లన్నీ వదిలేశారు. ఒక మూల నా పూతను ఉలితో చెక్కేశారు. ఆ ఇల్లు కట్టే కంపెనీ సూపర్‌వైజర్ రాజేశం మా జిల్లావాడే. గుమ్మం దగ్గర నిలబడి, "నర్సన్నా, నీళ్లు రెండు వేళ్లు దిగినయ్. నీ పని లీకున్నది" అన్నాడు. పక్కన ఇంటి యజమాని ఉన్నారు. పెద్దవయసు ఒమానీ, అందరూ అబూ సాలిం అనేవారు. నేను నోరు తెరిచేలోపే ఆయన బహ్లాకు ఫోన్ చేశారు. కాసేపటికి మా అర్బాబ్ నాకు చేశాడు. ఇంకో ఫిర్యాదు వస్తే పతాకా రద్దు చేసి ఇంటికి పంపుతానని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

కింది గదిలో సీలింగ్ పొడిగా, తెల్లగా ఉంది. నీలం చుక్క లేదు. మరి నీళ్లు ఎటు పోయాయని అడిగాను. ముందు మూల బాగు చెయ్యమన్నాడు రాజేశం. చెక్కిన మూలను మళ్లీ పూసి, మళ్లీ నీళ్లు నింపి, గుమ్మానికి ప్లైవుడ్ అడ్డం కొట్టాను. రెండు రోజులకు నీళ్లు గీత నుంచి వెంట్రుకవాసి కూడా దిగలేదు. అబూ సాలిం చూసి, "అచ్ఛా, ఉస్తాద్, రిపేర్ ఠీక్ కియా" అని మెచ్చుకున్నారు. చెడిపోని దాన్ని బాగు చేశానని మెప్పు! తిట్టినా అంత మంట పుట్టేది కాదు.

ఆ మధ్యాహ్నం అన్నం తినడానికి కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన ప్రహరీ నీడన కూర్చున్నాను. గోడ మీద పొడుగ్గా నీలం చారలు కనిపించాయి. కొత్త ప్లాస్టరింగ్‌ను రోజూ తడపకపోతే ఆ పొడిగాలికి పగుళ్లు పడతాయి. ప్లాస్టరింగ్ చేసే బిహారీ మనిషిని అడిగితే ఏ దాపరికం లేకుండా చెప్పాడు. నీళ్ల టాంకర్ రాలేదు, పై బాత్రూం నీళ్లు బకెట్లతో తెచ్చి కొట్టమన్నది సూపర్‌వైజర్ సాబే.

అంటే రాజేశం అంతా తెలిసే నా పూత చెక్కించాడు. వెళ్లి నిలదీశాను. కాదనలేదు.

"టాంకర్ చెప్పుడు మరిచిన్నని తెలిస్తె కంపెనోళ్లు నన్ను ఉంచుతరా అన్నా? నీకేంది, నువ్వు సొంతంగ చేసుకునేటోనివి. నిన్ను అడిగేటోడెవడు?"

నా ఒళ్లు మండిపోయింది. "అడిగేటోడు లేడనే నా మెడకు చుట్టినవా తమ్మీ?" అని వాడి చేయి పట్టుకుని అబూ సాలిం దగ్గరకు, అక్కణ్ణుంచి ముగ్గురం గోడ దగ్గరకు వెళ్లాం. ఆయన చారలు చూశారు, రాజేశాన్ని చూశారు. రాజేశం తల వంచుకున్నాడు. "ఖలాస్, ఖలాస్, టైల్స్ కానివ్వు" అని ఆయన వెనుదిరిగారు. బహ్లాకు కూడా ఒక ఫోన్ చేయమని బతిమాలాను. రేపు చేస్తానన్నారు. ఆ రేపు రాలేదు. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. ఒకరికి తన నౌకరీ ముఖ్యం, ఇంకొకరికి తన ఇల్లు ముఖ్యం. నా సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. ఆ కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు.

శుక్రవారం నేనే షేర్ టాక్సీలో బహ్లా వెళ్లాను. అర్బాబ్ నా ఫోన్‌లో గోడ ఫోటో చూసి, అరబ్బుల కాఫీ కహ్వా తాగుతూ, నీళ్లలో నీలం ఎందుకు కలిపావని పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. పతాకా మాట ఎత్తితే, ఆ విషయం ఎప్పుడో మరిచిపోయానన్నాడు.

ఆ తరువాత పని మానేసేదాకా, సుద్ద గీతను ఇంటి యజమాని చేతనే గీయించి, ఆయన ఎదుటే గుమ్మం మూసేవాణ్ణి. కంపెనీ మేస్త్రి తప్పు చేస్తే వాడి తరఫున మాట్లాడటానికి కంపెనీ ఉంటుంది. సొంతంగా చేసుకునేవాడు పని సరిగ్గా చేసినా, చేశానని తానే వెళ్లి చెప్పుకోవాలి. నా పని కారిందన్న మాట ఫోన్‌లో నిమిషంలో బహ్లా చేరింది. కారలేదన్న మాట చేరడానికి నేను రెండు గంటలు టాక్సీలో కూర్చోవలసి వచ్చింది.