గేటు గుర్తుపట్టని మొహం

ఏ లెన్సు కొనమంటారు అని ఎవరైనా నన్ను అడిగితే, మీరు ఎంత దూరం వెనక్కి జరగగలరు అని ఎదురు అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. నాకు మాత్రం అందులో నవ్వేమీ కనబడదు. కంచరపాలెంలో మా స్టూడియో పొడవు పది అడుగులు. వెనక తెర, తెర మీద నీడ పడకుండా కాస్త ముందుకు జరిపిన స్టూలు, రెండు లైటు స్టాండ్లు, కంప్యూటరు బల్ల పోగా, కస్టమరు ముక్కుకీ నా లెన్సుకీ మధ్య మిగిలేది మూడడుగులు. నా వీపు ఆని ఆని గోడకి సున్నం నా భుజాల మేరకి రాలిపోయింది. రైలు పట్టాలు వెనకే కాబట్టి బండి పోతున్నంతసేపూ స్టాండ్లు వణుకుతాయి. అది పోయేదాకా నేనూ, కస్టమరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం.

దగ్గర నుంచి తీసిన మొహం అసలు మొహం కాదు. ముక్కు లావెక్కుతుంది, చెవులు వెనక్కి దాక్కుంటాయి, మనిషి మనమీదకి వంగి అప్పు అడుగుతున్నట్టు ఉంటాడు. లెన్సుది తప్పు అంటారు. లెన్సుది కాదు, దూరానిది. ఆరేడు అడుగుల అవతల నిలబడితే ఏ మొహమైనా తన కొలతల్లోకి వస్తుంది. అంత దూరం నుంచి మొహం ఫ్రేములో నిండాలంటే పొడుగు లెన్సు కావాలి. నా దగ్గర ఎనభై ఐదు ఎమ్ఎమ్ లెన్సు ఉంది, మోజుపడి కొన్నాను. ఈ గదిలో దాన్ని బిగిస్తే తలకాయ వస్తుంది, భుజాలు రావు. భుజాలు లేని ఫొటో ఏ ఆఫీసూ తీసుకోదు. అందుకని అది సంచీలో పడి ఉంటుంది. దానితోపాటే ఒక నల్ల ఫిల్టరు కూడా ఉంది. అది లెన్సుకి చలవ కళ్లద్దం లాంటిది. అది పెడితే పట్టపగలే అరనిమిషం షట్టరు తెరిచి ఉంచొచ్చు, అలలన్నీ పొగలా నున్నగా వస్తాయి. హార్బరు బయట ఆగి ఉన్న ఓడల్ని అలా తీద్దామనుకున్నాను. ఆదివారం నాడే బేరాలు ఎక్కువ, మిగతా రోజుల్లోనూ కొట్టు మూయడం కుదరదు. సముద్రం ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ ఫిల్టరు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు.

ఈ కొట్టు మా నాన్నది. కొట్టుతోపాటు ఆయన పద్ధతులూ నాకు వచ్చాయి. "కస్టమరుకి అద్దం సూపించకు, ఆశ సూపించు" అనేవాడు. అంటే తెల్లగా తీయాలి. కెమెరా తెల్లతెరని చూసి వెలుగు ఎక్కువైందనుకుంటుంది, మొత్తం ఫొటోని మసక చేస్తుంది. అందుకని కాస్త ఎక్స్‌పోజరు పెంచడం సరైనదే, వెలుగు కొలిచే స్టాపుల లెక్కలో అరస్టాపో ముప్పావో చాలు. మా నాన్న రెండు స్టాపులు, అంటే వెలుగు నాలుగింతలు, పెంచేవాడు, నేనూ రెండు పెంచేవాణ్ని. దానిమీద ఒక పాత ఫిల్టరు, దానికి వేలితో రాసిన వేజిలిన్. మొటిమలు, మచ్చలు, వయసు అన్నీ పోతాయి. నీడలో పోయిన వివరాన్ని కంప్యూటరులో కొంతైనా పైకి లాగొచ్చు. తెలుపులో కాలిపోయినది మాత్రం ఇక రాదు, అక్కడ లాగడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా రోజుకి పాతిక మొహాల్ని కాల్చేవాణ్ని. ఎందుకంటే మామూలుగా తీసిన రోజున "ఏటి బాబూ, ఇంత నల్లగా తీసీసినావు" అని డబ్బులు ఇవ్వకుండా లేచిపోయేవారు.

మా బావ ఫొటో కూడా అలాగే తీశాను. బావ అంటే మా అక్క భర్త. మా వైపు ఇద్దరమూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. గాజువాక అవతల ఇనుము కరిగించే ఒక చిన్న కార్ఖానాలో కాంట్రాక్టు పని ఆయనది. కరిగిన ఇనుము మీద తేలే మడ్డిని పొడుగాటి గరిటెతో లాగాలి. పన్నెండేళ్లుగా అదే పని. ప్రతి ఏడూ గేటు పాసు కోసం ఫొటో నేనే తీస్తాను, చుట్టం కదా అని ఆయన్ని ఇంకాస్త తెల్లగా తీస్తాను. ఇన్నేళ్లూ గేటు దగ్గర మనుషులు ఉండేవారు కాబట్టి గొడవ రాలేదు. ఈ ఏడు అక్కడ మొహం చూసి తలుపు తీసే మిషను పెట్టారు. అందరి పాసు ఫొటోలూ దాంట్లోకి ఎక్కించారు.

మిషను పెట్టిన మర్నాడు పొద్దున్న బావ స్టూడియో ముందు టిఫిను క్యారేజీతో నిలబడి ఉన్నాడు.

"మిషన్ నన్ను పోల్సనేదు బావా. ఎర్రలైటు ఎలిగింది. ఈ ఫొటోలోది నువ్వు కాదంటంది."

నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వాడు. కానీ సూపర్వైజరు నవ్వలేదట. శనివారంలోగా మిషను ఒప్పుకునే ఫొటో తేకపోతే ఆ జాగాలో ఇంకొకణ్ని పెట్టుకుంటానని చెప్పాడట. ఆ రోజు సోమవారం.

వెంటనే ఇంకోటి తీశాను. ఎక్స్‌పోజరు తగ్గించాను, వేజిలిన్ ఫిల్టరు తీసేశాను. మంగళవారం మళ్లీ ఎర్రలైటే. బుధవారం ఇంకోటి పంపాను, అదీ అంతే. మా అక్క ఫోన్ చేసి తిట్టింది. "మనిసిని మార్సీసినావు కదరా! ఇరవయ్యేళ్లు ఫొటోలు తీసి నేర్సుకున్నది ఇదేటి? ఆ పని పోతే మేం ఏటి సేత్తాం?" నా చేతిపని వల్ల ఒక ఇంటి పొయ్యి ఆరిపోతుందంటే భయం వేసింది, అది దాచుకోవడానికి కస్టమర్ల మీద విసుక్కున్నాను.

బావ మాత్రం భయపడలేదు. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం పూట స్టూడియోకి వచ్చి, కస్టమర్ల బెంచీ మీద ఫ్యాను కింద పడుకునేవాడు. లేచి టీ తాగి మళ్లీ పడుకునేవాడు. "ఎన్నాళ్లయినాదో బావా, ఇలాగ తొంగుని" అన్నాడు ఒకసారి. ఇంకోసారి కళ్లు మూసుకునే, "ఆటో తోలుకుంటే ఏటవుద్ది? బతకరేటి జనం?" అన్నాడు. నేను కంప్యూటరులో ఎవరిదో మెడ మీద ముడతలు చెరుపుతున్నాను. "ఏటీ కాదు" అన్నాను, తల తిప్పకుండా.

గురువారం రాత్రంతా ఆలోచిస్తే అప్పుడు తట్టింది. తెలుపు తగ్గించాను సరే, దూరం అదే మూడడుగులు కదా. మిషను కళ్ల మధ్య ఎడం, ముక్కు వెడల్పు కొలుచుకుంటుంది. నేను ప్రతిసారీ దానికి ఉబ్బిన మొహాన్నే ఇస్తున్నాను. నా వీపు వెనక గోడ ఉంది. అంతే సంగతి.

శుక్రవారం పొద్దున్నే బావని బయటికి తీసుకొచ్చాను. మా సందులో ఎదురింటి గోడ తొమ్మిదింటిదాకా నీడలో ఉంటుంది. మొహానికి అంతకంటే మంచి వెలుగు ఏ లైటూ ఇవ్వదు. గోడకి తెల్లపంచె కట్టి బావని దాని ముందు నిలబెట్టాను. ఎనభై ఐదు లెన్సు సంచీలోంచి తీసి బిగించాను, ఏ ఫిల్టరూ పెట్టలేదు. కొలిచి ఏడడుగులు వెనక్కి నడిచాను. అలా వెనక్కి నడుస్తుంటే ఎంత సుఖంగా ఉందో చెప్పలేను, ఇంకా నడవాలనిపించింది. ఎఫ్ ఐదు పాయింట్ ఆరు, షట్టరు సెకనులో రెండు వందల యాభయ్యో వంతు. ముందు తెల్లపంచె మీద కాకుండా నా అరచేతి మీద వెలుగు కొలిచాను. అరచేయి ఎవరిదైనా మొహం కంటే తెలుపే, దానికి తగ్గట్టు సరిచేసుకుంటే చాలు. ఇంతలో గూడ్సు బండి వచ్చింది. అలవాటు కొద్దీ ఆగాను. ఆ ఆగిన రెండు నిమిషాలూ లెన్సులోంచి మా బావ మొహాన్ని చూశాను.

కనుబొమల చివర్లు లేవు, సెగకి కాలిపోయాయి. ఎడమ చెంప మీద తాలింపు చిందినట్టు చిన్నచిన్న చుక్కలు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. కళ్ల కింద చర్మం బిగుసుకుని మెరుస్తోంది. వారానికి ఒకసారైనా పక్కపక్కన కూర్చుని అన్నం తినే మనిషి. ఇవేవీ నేను చూడలేదు. పన్నెండు ఫొటోల్లో వాటిని నేనే తుడిచేశాను. నాకు సిగ్గేసింది.

"నవ్వొద్దంటావేటి?" అన్నాడు.

"నవ్వితే మిషన్ పోల్సదు బావా."

"అయితే పర్నేదు. నవ్వు రావట్నేదు."

నాలుగు ఫొటోలు తీసి తెర మీద చూపించాను. కెమెరా చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పెద్దది చెయ్యమన్నాడు, చేశాను. చెంప మీద చుక్కలు తెర నిండా వచ్చాయి.

"కొంచెం తెల్లగా సెయ్యి బావా" అన్నాడు మెల్లగా.

అందరూ అడిగేదే కదా అనుకున్నాను. పైగా అప్పటికి నా పనితనం చూసి నాకే ఛాతీ ఉబ్బి ఉంది. ఇరవయ్యేళ్ల తర్వాత సరైన దూరం, సరైన లెన్సు, సరైన ఎక్స్‌పోజరు ఒకచోట కుదిరాయి. "వద్దు బావా, ఈసారి ఉన్నదున్నట్టు ఎల్లాలి" అన్నాను. ఆయన గోడకి కట్టిన పంచె విప్పి మడతపెట్టి నాకిచ్చాడు.

శనివారం పొద్దున్న నేనే బండి మీద దింపాను. సూపర్వైజరు ఫొటోని మిషనులోకి ఎక్కించాడు. కటకటాల ఇవతల నిలబడి చూస్తున్నాను. లోపల నుంచి వచ్చే సెగ అక్కడికే తగులుతోంది. దేవుళ్లందరికీ మొక్కాను. బావ టిఫిను క్యారేజీ ఎడమచేతిలోకి మార్చుకుని మిషను ముందు నిలబడ్డాడు. నిలబడీ నిలబడకముందే పచ్చలైటు వెలిగింది, ఇనుప చక్రం గేటు టక్కున తిరిగింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. అక్కకి చెబుదామని అప్పుడే ఫోన్ కూడా తీశాను.

బావ గేటు అవతల నుంచి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ నాలుగు మధ్యాహ్నాల నిద్ర ఆయన మొహంలో ఇంకా ఉంది.

"దొరికిపోనాను బావా" అన్నాడు.